నీళ్ళలో నిలబడి వాడిపోయిన టమాటా

2021 నవంబర్ వానల్ని మా మదనపల్లె వైపు టమాటా రైతులెవరూ మర్చిపోరు. నాది అర ఎకరం, నాటి నలభై రోజులు, మొదటి గుత్తులు అప్పుడే పూతకొచ్చాయి. వాన తెరిపిచ్చాక చేలోకి పోతే పల్లం వైపు ఎనిమిది సాళ్ళు తలలు వేలాడేశాయి. వాడిన మొక్క కనబడితే చెయ్యి దానంతటదే డ్రిప్ వాల్వు మీదికి పోతుంది కదా, నేనూ తిప్పేశాను. చెప్పుకోవడానికి సిగ్గే గానీ చేసిందదే. పక్క చేను మామ గట్టు మీద నుంచే అరిచాడు, "నీళ్ళలో మునిగినోడికి నీళ్ళు తాగిస్తావేందిరా, ఒక మొక్క పీకి చూడు!"

పీకాను. మురుగు కాలవ కంపు. తెల్లగా ఉండాల్సిన వేర్లు గోధుమ రంగుకి తిరిగాయి, వేలితో లాగితే పైతొక్క తొడుగులా ఊడొచ్చి లోపల సన్న దారం మిగిలింది. మట్టిలో సందులన్నీ నీళ్ళతో నిండిపోతే ఆక్సిజన్ వేరు దాకా రాదు, గాలిలో కంటే నీళ్ళలో అది 10 వేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఊపిరాడని వేరు చుట్టూ ఎన్ని నీళ్ళున్నా లోపలికి తీసుకోలేదు. పైగా ఆ వేర్లలో పుట్టిన ఒక పదార్థం పైకి పోయి ఆకుల్లో ఇథిలీన్ అనే వాయువుగా మారుతుంది, అందుకే కొన్ని ఆకులు వాడకుండానే తొడిమ దగ్గర కిందికి వంగిపోయాయి. మందుల షాపులో మాత్రం ఎండు తెగులని రెండు సీసాలు అంటగట్టబోయారు.

ఆ సాయంత్రమే డ్రిప్ కట్టేసి, పల్లం చివర కాలవ తీసి, సాళ్ళ మట్టి మీద కప్పిన మల్చింగ్ షీటు చీల్చి పక్కకు లాగాం. నాలుగైదు రోజులకి మట్టి కంటే కాస్త పైన కాండం మీద జొన్న గింజలంత తెల్లటి బుడిపెలు కనిపించాయి. కొత్త వేర్లు! వాటికి అందేలా మట్టి ఎగదోశాం. వేర్లు కుదురుకునేదాకా ఎరువు ఆకుల మీదే పిచికారీ.

అయినా ఆ ఎనిమిదిలో మూడు సాళ్ళే తేరుకున్నాయి. మొదటి పూతంతా రాలింది, తర్వాత పట్టిన కాయలు చిన్నవి, కొన్నిటికి అడుగున నల్ల మచ్చ. కాల్షియం నీళ్ళతో పాటే పైకి ఎక్కాలి, ఆ నీళ్ళే ఎక్కకపోతే కాయ చివరికి ఏం చేరుతుంది? బయట కిలో వంద దాటిన నెలలో నా బాక్సులు సగమే నిండాయి, ఆ కడుపుమంట వేరే.

ఇప్పుడు మెరకన అడుగెత్తు బోదెల మీదే నాటుతున్నా. ఆ పల్లంలో వరి వేశా, దాని వేర్లలో గాలి గొట్టాలుంటాయి, నీళ్ళు నిలిచినా దానికి పట్టదు.