తిరిగింది లోకం కాదు, చెవి

"కళ్ళు మూయకండి, నా ముక్కు వైపే చూడండి" అంటోంది డాక్టరమ్మ. నా తల మంచం అంచు దాటి వేలాడుతోంది. ఆపేసిన ఫ్యాన్ కూడా గిర్రున తిరుగుతోంది!

మూడు రోజులుగా పక్కమీద కుడివైపు దొర్లితే చాలు, గదంతా గిరగిరా. బీపీ అనుకున్నాను. ఫోన్లో అమ్మ "పైత్యంరా, నిమ్మకాయ నీళ్ళు తాగు" అంది.

తీరా చూస్తే లోపలి చెవిలో కాల్షియం రవ్వలట. ఉండాల్సిన చోటు వదిలి, తల తిరగడాన్ని పసిగట్టే అర్ధవృత్తపు గొట్టంలోకి జారాయట. మాత్రలు తిప్పుడును కాస్త అణుస్తాయి గానీ రవ్వలను కదపలేవంది.

తల కుడికి 45 డిగ్రీలు తిప్పి వెనక్కి పడుకోబెట్టింది. అర నిమిషం ఆగి ఎడమకి తిప్పింది. తర్వాత ముఖం నేలవైపు ఉండేలా పక్కకి ఒత్తిగిల్లమని, చివరికి లేపి కూర్చోబెట్టింది. ఎప్లీ పద్ధతి. జాన్ ఎప్లీ అనే అమెరికా డాక్టరు దీన్ని 1992లో ప్రచురించాడు. రవ్వలు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళడం, అంతే. సూది లేదు, కత్తి లేదు.

మొదటిసారి వాంతి వచ్చినంత పనైంది. రెండోసారికి ఫ్యాన్ నిలబడింది. మళ్ళీ రావచ్చని మాత్రం చెప్పింది.

ఇంటికొస్తుంటే బెంగళూరు మారతహళ్ళి దగ్గర ఆటో గుంతలో పడింది. రెండు చేతులతో తల పట్టుకున్నాను. డ్రైవర్ అద్దంలో వింతగా చూశాడు.