సింగడికి ప్లీహం తీయించాం

పళ్ళ గార తీయించడానికి తీసుకెళితే పొట్టలో కణితి బయటపడింది. మా సింగడు పదకొండేళ్ళ లాబ్రడార్. ఆ వయసు కుక్కకు మత్తు ఇచ్చే ముందు రక్తపరీక్షలు, పొట్ట స్కానింగ్ చేయడం చెన్నై అయనావరంలో మేం వెళ్ళే క్లినిక్‌లో మామూలే. స్కానింగ్ చేస్తున్న డాక్టరమ్మ కబుర్లు చెబుతూ చెబుతూ ఒకచోట మాట ఆపేసి, చేతిలోని పరికరాన్ని అక్కడక్కడే తిప్పసాగారు. ప్లీహం, అంటే పొట్టలో రక్తాన్ని వడకట్టే అవయవం, దాని అంచున దాదాపు ఐదు సెంటీమీటర్ల గడ్డ. "పళ్ళ సంగతి తర్వాత చూద్దామండీ" అన్నారు.

క్యాన్సరా అని అడిగాను. స్కానింగులో గడ్డ కనిపిస్తుంది కానీ దాని జాతి కనిపించదట. సూది గుచ్చి చూడవచ్చు కదా అంటే, ఇలాంటి గడ్డలు రక్తంతో నిండి ఉంటాయి, గుచ్చితే లోపల కారుతుంది, క్యాన్సరే అయితే కణాలు పొట్టంతా చెదరవచ్చు, తీరా సూదిలోకి వచ్చేది ఉత్త రక్తమే కావచ్చు అన్నారు. ప్లీహం మొత్తం తీసి బయాప్సీకి పంపితే తప్ప పేరు తెలియదు. ఈ జబ్బులో నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టింది ఇదే. తేల్చుకోవలసినవన్నీ ముందు తేల్చుకోవాలి, అదేమిటో చివర్లో తెలుస్తుంది.

పశువైద్యులు చెప్పే పాత లెక్క ఒకటుంది. కుక్కల ప్లీహంలో వచ్చే గడ్డల్లో మూడింట రెండు వంతులు చెడ్డవి, ఆ చెడ్డవాటిలో మళ్ళీ మూడింట రెండు వంతులు హిమాంజియోసార్కోమా, అంటే రక్తనాళాల గోడల్లో పుట్టే క్యాన్సర్. అదే అయితే ఆపరేషన్ ఒక్కటే చేయించినవి ఎక్కువగా ఒకటి నుంచి మూడు నెలలు, కీమో కూడా ఇప్పిస్తే నాలుగు నుంచి ఆరు నెలలు బతుకుతాయి. ఇది విన్న రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాడు సర్జన్ ఇంకో మాట చెప్పారు. ఆ లెక్క వేసినప్పుడు గడ్డ పగిలి, కూలబడిపోయి వచ్చిన కుక్కలే ఎక్కువ. పగలకుండా, వేరే పని మీద వెళ్ళినప్పుడు దొరికిన గడ్డల్లో మామూలువాటి వంతు బాగా ఎక్కువట.

నెల్లూరు నుంచి మా బావమరిది ఫోను చేశాడు. "ఉన్నన్నాళ్ళు కడుపునిండా పెట్టి చూసుకోక, ఈ వయసులో కోతలేమిటి బావా?" అతనిదీ ప్రేమ కొద్దీ అన్న మాటే, కాదనలేను. మా ఆవిడ మాత్రం సర్జన్ని సూటిగా ఒకటే అడిగింది: గడ్డ మంచిదే అనుకోండి, వదిలేస్తే ఏమవుతుంది? మంచిదైనా పగలవచ్చు, పగిలితే పొట్టలోకి రక్తం కారుతుంది, అప్పుడు అర్ధరాత్రి, సగం రక్తం పోయిన కుక్కకు ఇదే ఆపరేషన్ చేయాలి అన్నారాయన. ప్లీహం లేకుండా కుక్క హాయిగా బతుకుతుంది. దాంతో మా ఇంట్లో వాదన ముగిసింది. నెల్లూరులో ముగియలేదు.

పేరు తెలియకపోయినా తెలుసుకోగలిగినవి కొన్నున్నాయి. ఊపిరితిత్తులకు పాకిందా అని ఛాతీకి మూడు వైపుల నుంచి ఎక్స్‌రే తీశారు. ఈ క్యాన్సర్ గుండె కుడి కర్ణికలో కూడా కాపురం పెడుతుంది కాబట్టి గుండె స్కానింగ్ కావాలన్నారు. దానికి వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాలకు వెళ్ళాం. 1903లో పెట్టిన కళాశాల అది. చీటీ తీసుకుని మేకల మధ్య, ఒక రామచిలుక పంజరం పక్కన కూర్చున్నాం. సింగడు చిలుకను చూసినంతసేపు మమ్మల్ని చూడలేదు. గుండె శుభ్రంగా ఉంది.

మన ఊళ్ళలో కుక్కలున్నవాళ్ళు తప్పకుండా అడిగి చేయించుకోవలసిన పరీక్ష ఇంకొకటి ఉంది. పిడుదుల వల్ల వచ్చే బబీసియా, ఎర్లికియా అనే జబ్బులకు చేసేది. బబీసియా క్రిములు ఎర్ర రక్తకణాల్లో దూరతాయి, అలాంటి కణాలను ఏరి పారేసేది ప్లీహమే. క్రిములు చప్పుడు చేయకుండా ఒంట్లో ఉన్న కుక్కకు ప్లీహం తీసేస్తే జబ్బు ఒక్కసారిగా పైకి లేవవచ్చు. సింగడి రక్తాన్ని పీసీఆర్ పరీక్షకు పంపి, ఏమీ లేదని వచ్చాకే ఆపరేషన్ తేదీ ఇచ్చారు.

తేదీ వచ్చేదాకా గడిపిన రోజులు మే నెలవి. చెన్నైలో కత్తిరి వెయిల్ అంటారే, ఆ ఎండలు. ఆ ఎండకు ఏ లాబ్రడార్ అయినా రొప్పుతుంది, నీరసంగా పడి ఉంటుంది. లోపల రక్తం కారుతున్నా అంతే. తేడా చిగుళ్ళలో తెలుస్తుందని డాక్టరమ్మ నేర్పారు. పై పెదవి ఎత్తి, కోరపన్ను పైన చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటుకు రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. లాబ్రడార్ల చిగుళ్ళలో నల్ల మచ్చలుంటాయి, మచ్చ లేని చోటు వెతుక్కోవాలి. పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి, మధ్యలో నాకు భయం వేసినప్పుడల్లా నొక్కి చూసేవాణ్ణి. సింగడు దీన్ని బిస్కెట్టుకు ముందు జరిగే తంతు అనుకున్నాడు.

రక్తం సిద్ధంగా పెట్టుకోవాలన్నారు. దాత కుక్క పాతిక కిలోలు దాటి, వయసులో ఉండి, టీకాలన్నీ వేయించుకుని, పిడుదుల జబ్బులు లేకుండా ఉండాలి. మిత్రుడి జర్మన్ షెపర్డ్ అన్నిటికీ సరిపోయింది. రెండింటి రక్తం కలిపి, పడుతుందో లేదో ముందే చూశారు. చివరికి ఎక్కించే అవసరం రాలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. పొట్ట మధ్యగా నిలువుగా కోసి, ప్లీహానికి వెళ్ళే రక్తనాళాలను ఒక్కొక్కటిగా కట్టి తీశారు. కాలేయాన్ని చేత్తో తడిమి చూసి చిన్న ముక్క తీసుకున్నారు. తర్వాత సర్జన్ నన్ను పిలిచి ట్రేలో ప్లీహం చూపించారు. ఆవు నాలుకంత పొడుగ్గా, ముదురు ఊదా రంగులో ఉంది, ఒక కొసన నల్లగా ఉబ్బిన గడ్డ. ఒక్క ముక్క పంపితే చాలదని, నడిమధ్యలో ఉత్త రక్తపు గడ్డే ఉండవచ్చని, గడ్డ మంచి కండను ఆనుకున్న అంచుల నుంచి చాలా ముక్కలు కోసి పంపారు. చిన్న ముక్క పంపి "క్యాన్సర్ లేదు" అనిపించుకుంటే ఆ మాటకు పెద్ద విలువ లేదన్నారు.

ఆ రాత్రి అక్కడే ఉంచారు. ప్లీహం తీశాక ఒకటి రెండు రోజులు గుండె లయ తప్పడం తరచూ జరుగుతుందట. సింగడికీ తప్పింది. లయను సరిచేసే లిగ్నోకైన్ మందు సన్నగా ఎక్కించి, ఈసీజీ తీగలు తగిలించే ఉంచారు. రాత్రికి మనిషి ఉండని చోట ఈ ఆపరేషన్ చేయించకండి, ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

ఇంటికొచ్చాక కష్టమంతా గచ్చుతోనే. నున్నటి పలకల మీద కాళ్ళు జారకుండా యోగా చాపలు పరిచాం. రెండో అంతస్తు మెట్లకు పొట్ట కింద తువ్వాలు వేసి ఇద్దరం పట్టుకునేవాళ్ళం. మెడకు కట్టిన ప్లాస్టిక్ గరాటుతో ప్రతి తలుపునూ గుద్దాడు. పెరుగన్నం మూడో ముద్ద నుంచి తనే తిన్నాడు.

బయాప్సీ నివేదిక వచ్చింది: నాడ్యులర్ హైపర్‌ప్లేసియా, దానిలోపల హిమటోమా. ప్లీహపు కండే గడ్డలా పెరిగి, లోపల రక్తం చేరిందన్నమాట. ఏ ముక్కలోనూ క్యాన్సర్ కణాలు లేవు. కాలేయం బాగుంది. నెల్లూరుకు ఫోను చేసి చెబితే "మామూలు గడ్డేగా! ఊరికే కోయించావు" అన్నాడు మా బావమరిది. అది మామూలుదని కోశాకే కదయ్యా తెలిసింది అంటే వినడు.

ఇప్పుడు జాగ్రత్తంతా పిడుదుల మీదే. నెలనెలా మాత్ర తప్పదు, నడిచి వచ్చాక వేళ్ళ సందులు, చెవుల వెనక వెతుకుతాం. జ్వరం వస్తే రేపు చూద్దాం అనుకోకుండా అదే రోజు రక్తం స్లైడు మీద చూడాలి. వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు అదే కనబడాలని డాక్టరమ్మ సింగడి ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో పెద్దగా రాసిచ్చారు: ప్లీహం లేదు.