దసరా డైవర్షన్ గురించి లారీల వాళ్లను అడిగితే: నా అనుభవం

2024 సెప్టెంబరు 1న హైదరాబాద్–విజయవాడ హైవే మీద గరికపాడు దగ్గర పాలేరు వంతెన పక్క రోడ్డు వరదకు కోసుకుపోయింది. నందిగామ దగ్గర ఐతవరంలో హైవే మీదికే నీళ్లొచ్చాయి. దాంతో హైదరాబాద్ బండ్లన్నీ నార్కట్‌పల్లి దగ్గర తిరిగి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా గుంటూరు రావాల్సి వచ్చింది. గుంటూరులో మాది చిన్న ట్రాన్స్‌పోర్ట్. బండి ఎక్కడుందని పార్టీలు (సరుకు పంపేవాళ్లు), ఎటు పోవాలని డ్రైవర్లు, ఆ వారమంతా ఫోన్లే ఫోన్లు. అది సర్దుకునేలోపే దసరా వచ్చేసింది.

దసరా అంటే మా వాళ్లకు డైవర్షన్. ఇంద్రకీలాద్రికి లక్షల్లో జనం వస్తారు కాబట్టి, విజయవాడలో పని లేని పెద్ద బండ్లను ఊళ్లోకి రానివ్వరు. చెన్నై నుంచి విశాఖ వెళ్లేవాటిని ఒంగోలు దగ్గర త్రోవగుంటలోనే మళ్లించి చీరాల, బాపట్ల, రేపల్లె, అవనిగడ్డ, పామర్రు, గుడివాడ మీదుగా హనుమాన్ జంక్షన్ చేరుస్తారు. గుంటూరు నుంచి బయల్దేరేవి బుడంపాడు దగ్గర తిరిగి తెనాలి, వేమూరు, కొల్లూరు మీదుగా కృష్ణ మీది పెనుమూడి వంతెన ఎక్కి అదే దారిలో కలవాలి. చెన్నై–హైదరాబాద్ బండ్లకు మేదరమెట్ల, అద్దంకి, పిడుగురాళ్ల దారి. ఈ మూడో దారితో ఎవరికీ పేచీ లేదు. నాలుగు వరసల రోడ్డు, పండగ లేకపోయినా మా వాళ్లు అటే పోతారు. గొడవంతా మొదటి రెండింటితోనే, అంటే డెల్టా ఊళ్ల మీదుగా పోయే దారితోనే.

ఏటా పండగ అయిపోయాక తిట్టుకోవడమే తప్ప అడగాల్సిన చోట అడిగింది లేదు. ఈసారి మా అసోసియేషన్ పెద్దాయన, "అందరి మాటా కాగితం మీద పెట్టి ఇద్దాం. నువ్వు తిరిగి రాసుకురా అబ్బాయ్" అని ఆ పని నాకు అప్పజెప్పారు.

ముందు ఆటోనగర్ నుంచి మొదలుపెట్టాను. పార్శిల్ సర్వీసు పెద్ద కంపెనీల మేనేజర్లు ఈ దారి వద్దే వద్దన్నారు. వాళ్లకు టైమే ప్రాణం. బండి నాలుగు గంటలు లేటైతే అవతల గోడౌన్‌లో హమాలీలు ఖాళీగా కూర్చుంటారు, అక్కడి నుంచి ఊళ్లకు వెళ్లే చిన్న బండ్లూ ఆగిపోతాయి. ఒకటి రెండు బండ్లున్న ఓనర్లు మాత్రం నేను అనుకోని మాట చెప్పారు. విజయవాడ ముందు కృష్ణ మీది వారధి దగ్గర ఇంజను ఆన్‌లో పెట్టుకుని నిలబడటం కంటే చుట్టు తిరిగినా కదులుతూ ఉండటమే నయమన్నారు. పైగా కాజ, పొట్టిపాడు టోల్‌గేట్లు రెండూ తప్పుతాయి. కానీ డీజిల్ ముందు ఆ మిగులు ఏ మూలకు? హనుమాన్ జంక్షన్‌కి దూరం రెట్టింపు దాకా అవుతుంది. లోడుతో లీటరుకు మూడున్నర, నాలుగు కిలోమీటర్లిచ్చే బండికి అదనంగా ఇరవై లీటర్లు వేసుకోవాలి. లీటరు 97 రూపాయల చుట్టూ ఉన్నప్పుడు అది దగ్గర దగ్గర రెండు వేలు. ఆ డబ్బు ఎవరిస్తారు? కిరాయి ముందే మాట్లాడుకున్నదాయె. "పండగ నాకు చెప్పి వచ్చిందా?" అంటుంది పార్టీ.

మాటలు రాసుకుంటే సరిపోదనిపించింది. మా దగ్గర నుంచి కోల్డ్ స్టోరేజీ సరుకు, మిర్చి టిక్కీలు (బస్తాలు), వేసుకుని కోల్‌కతా వెళ్తున్న పన్నెండు టైర్ల బండిలో రాత్రి హనుమాన్ జంక్షన్ దాకా నేనూ కూర్చున్నాను. తెనాలి దాకా బాగానే సాగింది. ఆ తర్వాత వచ్చిన ఒక ఊళ్లో సెంటర్‌కి ముందు డ్రైవర్ బండి ఆపేశాడు. లోడు ఎత్తుగా ఉంది, రోడ్డుకు అడ్డంగా కేబుల్ వైర్లు వేలాడుతున్నాయి. క్లీనర్ కుర్రాడు కర్ర తీసుకుని లోడు మీద కప్పిన పట్టా మీదికెక్కి, ఒక్కొక్క వైరూ ఎత్తి పట్టుకుంటే డ్రైవర్ అడుగు అడుగు ముందుకు పోనిచ్చాడు. వెనక ఆర్టీసీ బస్సు హారన్. అది కరెంటు తీగ అయితే ఆ పిల్లాడి గతేంటని నాకు గుండె దడ పట్టుకుంది. డ్రైవర్ మాత్రం, "రోడ్డు ఫర్వాలేదు అన్నయ్యా, ఊళ్లే కష్టం. నిద్రొస్తే పక్కకు తీసి ఆపుకునే జాగా లేదు, అదింకా కష్టం" అన్నాడు. నిజమే. పెనుమూడి వంతెన దాటాక కూడా పక్కన కాలవో, పొలమో, ఇళ్లో. ఒక పక్క చక్రాలు మార్జిన్‌లోకి దించితే తెల్లారి క్రేన్ రావాల్సిందే. హైవే మీదున్నట్టు రాత్రంతా తెరిచి ఉండే పంచర్ షాపు కూడా నాకు ఎక్కడా కనబడలేదు.

డిసెంబరు సంగతి కూడా ఆ డ్రైవరే చెప్పాడు. భవానీ దీక్షల విరమణప్పుడూ ఇదే డైవర్షన్. అప్పటికి డెల్టాలో వరి కోతలు. రైతులు ధాన్యం రోడ్డు మీదే ఆరబోసుకుంటారు. సగం రోడ్డు వడ్లు, మిగతా సగంలో ఎదురుగా గడ్డి ట్రాక్టర్. రైతును తప్పు పట్టడానికి మనసొప్పదు, కల్లం లేకపోతే అతను మాత్రం ఎక్కడ ఆరబెట్టుకుంటాడు? పన్నెండు టైర్ల బండిని ఆ టైములో అటు పంపడమే అన్యాయం అని నా అభిప్రాయం. అందుకే అర్జీలో ఆ నెలకు విడిగా ఒక పేరా రాశాను.

మీటింగులో అరుపులు బాగానే అయ్యాయి. దారి వద్దని రాయాలని కొందరు, వద్దంటే పండగ రోజుల్లో అసలు కదలనివ్వరని మరికొందరు. చివరికి అందరూ ఒప్పుకున్నవే రాశాం. డైవర్షన్ తేదీలు కనీసం వారం ముందు చెప్పాలి. త్రోవగుంట, బుడంపాడు దగ్గర తెలుగుతో పాటు హిందీలోనూ పెద్ద బోర్డులు పెట్టాలి, వచ్చే బండ్లలో ఉత్తరాదివీ ఉంటాయి. ఊళ్లలో వేలాడే వైర్లు పైకి కట్టించాలి. చేపలు, కూరగాయల బండ్లను రాత్రి పూటైనా హైవే మీద వదలాలి. బండ్లు ఆపుకోవడానికి దారిలో రెండు చోట్ల జాగా చూపించాలి.

అర్జీ ఇవ్వడం ఒక ఎత్తు, అది ఎవరిదో తేల్చడం ఇంకో ఎత్తు. ఒక ఆఫీసులో ఇది ట్రాఫిక్ వాళ్లదన్నారు, అక్కడికి వెళ్తే రోడ్ల వాళ్లదన్నారు. విసుగొచ్చింది. చివరికి అర్జీని మూడు ముక్కలు చేశాం. బోర్డులు, తేదీలు పోలీసులకు. ఆపుకునే జాగా రోడ్ల శాఖకు. వైర్ల సంగతి ఏ ఊరికి ఆ ఊరు పంచాయతీకి. ఎవరి కాగితం వాళ్లకు విడిగా చేరాక అందరూ రసీదు ఇచ్చారు. ఇలాంటి పని పెట్టుకునేవాళ్లు మొదటే విడగొట్టుకుంటే చాలా తిరుగుడు తప్పుతుంది.

తేదీలు ముందే అసోసియేషన్లకు వాట్సాప్‌లో పంపుతామని పోలీసు అధికారి ఒకాయన మాటిచ్చారు. వైర్ల విషయంలో రెండు పంచాయతీలు కదిలాయి. ఆపుకునే జాగా కాగితానికి ఇంకా జవాబు లేదు, అడుగుతూనే ఉన్నాం. డీజిల్ సంగతి మాత్రం ఎవరినీ అడగకుండా మేమే తేల్చుకున్నాం. "డైవర్షన్ ఉంటే అదనపు కిలోమీటర్లకు కిరాయి విడిగా" అన్న లైను ఇప్పుడు మా ఎల్ఆర్ (లోడుకిచ్చే లారీ రసీదు) మీద అచ్చులోనే ఉంటుంది. లోడు ఎక్కించేముందే పార్టీకి చదివి వినిపిస్తున్నాం.