కిడ్నీ తీయకముందే కీమో ఎందుకంటే

మూత్రంలో రక్తం పడింది, నొప్పి మాత్రం లేదు. అసలే మే నెల, గుంటూరు ఎండలు. మిర్చి యార్డులో మా కొట్టువాళ్లంతా వేడి చేసిందన్నారు, బార్లీ నీళ్లు తాగమన్నారు. మా ఆవిడ ఒప్పుకోలేదు. ఆ వారమే పట్టుబట్టి స్కానింగ్ చేయించింది. ఎడమ కిడ్నీ ఉబ్బి ఉంది. సీటీ, బయాప్సీ అయ్యాక విషయం తేలింది. కిడ్నీలో మూత్రం చేరే గరాటు లాంటి భాగం ఉంటుంది, దాని లోపలి పొరలో క్యాన్సర్. అదీ హైగ్రేడ్, అంటే త్వరగా ముదిరే రకం. ఆ పొర అక్కడి నుంచి మూత్రనాళం మీదుగా మూత్రాశయం దాకా ఒకటేనట. అందుకే కిడ్నీతో పాటు నాళం మొత్తం, అది మూత్రాశయంలో కలిసే చోట కొంచెం ముక్క కూడా తీసేస్తారు.

ఆపరేషన్‌కి మేం మనసు గట్టి చేసుకున్నాం. డాక్టర్లేమో ముందు కీమో అన్నారు. "గడ్డను లోపల పెట్టుకుని ఇంకా ఆగడమేంటి నాన్నా" అని మా అమ్మాయి ఏడ్చింది. అప్పుడు యూరాలజిస్టు కూర్చోబెట్టి లెక్క చెప్పారు. కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం క్రియాటినిన్ నా రక్తంలో 1.1, వయసు 61, ఆ లెక్కన ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం, 76. ఈ క్యాన్సర్‌కి బాగా పనిచేసే కీమో మందు సిస్‌ప్లాటిన్ కిడ్నీలను దెబ్బతీయగలదు, కాబట్టి మామూలుగా 60కి తగ్గకుండా ఉంటేనే ఇస్తారు. "కిడ్నీ తీశాక మీకు అంత మిగులుతుందని చెప్పలేనండి. ఇప్పుడు రెండున్నాయి, ఇప్పుడే ఇచ్చేద్దాం" అన్నారు.

కీమో నెలలు చాలా కష్టంగా గడిచాయి. సెలైన్ గంటల తరబడి ఎక్కించేవాళ్లు, అన్నం వాసనకే వాంతి వచ్చేది. తర్వాత ఆపరేషన్ సాఫీగానే అయింది.

ఆపరేషన్ అయ్యాక క్రియాటినిన్ 1.6కి చేరి అక్కడే ఆగింది. చూడ్డానికి అర పాయింటే పెరిగింది, ఈజీఎఫ్ఆర్ మాత్రం 48కి పడిపోయింది. 60 లోపు మూడు నెలలకు మించి ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. నాది స్టేజ్ 3ఎ. కీమో తర్వాతకి వాయిదా వేసి ఉంటే ఆ మందు నాకు దక్కేది కాదు. ఇలాంటి ఆపరేషన్ ముందున్న ప్రతివాళ్లూ తమ ఈజీఎఫ్ఆర్ ఎంతో అడగాలని, కీమో ముందా తర్వాతా అన్నది దాంతో కలిపే మాట్లాడాలని నేను గట్టిగా చెబుతాను.

ఇంటికొచ్చిన వాళ్లంతా "క్యాన్సర్ పోయిందా?" అని అడిగారు. మిగిలిన కిడ్నీ ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. మా బాబాయి ప్రేమతోనే ఏదో వేరు పొడి తెచ్చాడు. నెఫ్రాలజిస్టు వద్దన్నారు. ఈశ్వరి జాతి మొక్కల్లో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తుంది, సరిగ్గా నాకు వచ్చిన క్యాన్సర్‌నే తెస్తుంది. 1990ల్లో బెల్జియంలో బరువు తగ్గడానికి అలాంటి మూలికలు వాడిన ఆడవాళ్ల కిడ్నీలు చెడిపోయాయి. పొడిలో ఏముందో తెలియనప్పుడు నోట్లో వేసుకోవద్దని ఆయన మాట. ఉప్పు ఎక్కువని ఆవకాయ, ఊరమిరపకాయలు కూడా బాగా తగ్గించాను, గుంటూరువాడికి అదేం చిన్న విషయం కాదు.

ఈ క్యాన్సర్ మూత్రాశయంలో మళ్లీ రావచ్చు, అందుకని లోపలికి కెమెరా గొట్టం పెట్టి చూసే స్కోపీలు నడుస్తున్నాయి. ఇప్పటిదాకా శుభ్రంగా ఉంది. సీటీకి రంగు మందు ఎక్కించే ముందు కొత్త క్రియాటినిన్ రిపోర్టు చూపిస్తాను. మొన్న పంటినొప్పికి వెళ్లినప్పుడు కూడా ఒక్క కిడ్నీయేనని ముందే చెప్పాను. డాక్టరమ్మ అప్పటికే రాసిన, కిడ్నీకి చేటు చేయగల నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ కొట్టేసి పారాసెటమాల్ రాసింది.