నువ్వు కూర్చుంటేనే తింటా

"నువ్వు కూర్చుంటేనే తింటా. లేకపోతే నాకు పాలల్లో సీరియల్ చాలు" అంది మా పెద్దమ్మాయి.

పదకొండేళ్ళు దానికి. స్విమ్మింగ్ నుంచి అప్పుడే వచ్చింది, జుట్టు ఇంకా తడిగానే ఉంది. కంచంలో అన్నం, బీరకాయ పప్పు, బెండకాయ వేపుడు పెట్టి ఉన్నాయి. చిన్నాడు ఆ పూట పప్పు వద్దన్నాడని నేను పొయ్యి దగ్గర వాడికి దోసె పోస్తున్నాను. మా ఆయన ఆఫీసు కాల్‌లో ఉన్నారు. అందరివీ అయ్యాక గిన్నెలో మిగిలిన పప్పులోనే ఇంత అన్నం కలుపుకుని, సింకు పక్కన నిలబడి తినడం నాకు అలవాటు. మా అమ్మ కూడా అందరికీ వడ్డించాకే తినేది. అందుకే అదొక లోటని నాకెప్పుడూ తోచలేదు. పిల్లకు తోచింది.

నా పట్టుదల గురించి ముందు చెప్పాలి. వారం మధ్యలోనైనా సరే, రాత్రి భోజనమంటే అన్నం, పప్పు, ఒక కూర, చారో పెరుగో ఉండాల్సిందే అనుకునేదాన్ని. మధ్యాహ్నం ఆఫీసులో నేను తినేది సలాడో శాండ్‌విచ్చో. పిల్లల బడి డబ్బాల్లో పాస్తా, చీజ్ ముక్కలు. పగలంతా అందరం ఎవరికి తోచింది వాళ్ళు తింటాం కాబట్టి రాత్రి ఆ ఒక్క పూటైనా మన తిండి ఉండాలని నా తాపత్రయం. నాకు లేని నియమం పిల్లలకు పెట్టడం ఏమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర సమాధానం లేదు. కానీ ఆ భయం మాత్రం నిజం. చికాగో శివారులో పెరిగే పిల్లలు ఈ రుచి మర్చిపోతే మళ్ళీ ఎవరు నేర్పుతారు? మెట్రా రైలు దిగి ఇంటికొచ్చేసరికి ఆరు దాటుతుంది. ఆ వేళ మొదలుపెట్టి మూడు వంటకాలు చేస్తే ఎనిమిదవుతుంది. ఆ రెండు గంటలూ పిల్లలకు కనిపించేది నా వీపే.

ఆ మాట అన్న వారంలోనే అల్మరా పై అరలోంచి స్లో కుక్కర్ దించాను. తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుండ అది. ఎవరో గృహప్రవేశానికి ఇచ్చారు, అట్టపెట్టె కూడా విప్పలేదు. అందులో సూపు చేస్తానని చెబితే అమ్మ ఫోన్లో ఒక్క క్షణం ఆగి, "ఒంట్లో బాగాలేదా పిల్లలకి?" అంది. మన దగ్గర సూపంటే జ్వరం వచ్చినప్పుడు ఇచ్చేది, లేకపోతే హోటల్లో భోజనానికి ముందు తెప్పించుకునేది. దాంతోనే రాత్రి గడుపుతారంటే అమ్మకు పిల్లలు పస్తున్నట్టే. ఆ మాటకు నాక్కూడా గిల్టీగా అనిపించింది. రెండు మూడు వారాలు సూపు పక్కనే రైస్ కుక్కర్ కూడా పెట్టాను. ఆ అన్నం మర్నాడు పులిహోర అయ్యేది.

ఈ కుక్కర్ ఎలా పుట్టిందో చదివాక మాత్రం దాని మీద నాకు గౌరవం పెరిగింది. దీన్ని తయారుచేసిన ఇర్వింగ్ నాక్సన్ చికాగో ఇంజనీరు, యూదు కుటుంబంలో పుట్టినవాడు. వాళ్ళమ్మ చిన్నప్పుడు లిథువేనియాలో పెరిగింది. వాళ్ళకు శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం రాత్రి దాకా సబ్బాతు, అంటే విశ్రాంతి దినం, నిప్పు రాజేయకూడదు. అందుకని చిక్కుడు గింజలు, మాంసం, దుంపలు కలిపి చోలెంట్ అనే వంటకాన్ని కుండలో పెట్టి శుక్రవారం సాయంత్రమే ఊళ్ళో రొట్టెల బట్టీకి పంపేవారట. ఆరిపోతున్న బట్టీ వేడికి అది రాత్రంతా ఉడికేది. తల్లి చెప్పిన ఆ సంగతి మనసులో పెట్టుకుని నాక్సన్ కరెంటుతో నడిచే కుండ ఒకటి చేశాడు. 1940లో పేటెంట్ వచ్చింది. 1970లో ఆయన కంపెనీని రైవల్ అనే సంస్థ కొని, 1971లో అదే కుండను క్రాక్‌పాట్ పేరుతో అమ్మకానికి పెట్టింది. ఉద్యోగాలకు వెళ్ళే ఆడవాళ్ళ ఇళ్ళలోకి అది త్వరగానే చేరింది. పరాయి దేశంలో ఒక తల్లి తన పుట్టింటి వంట గురించి కొడుక్కి చెప్పింది, ఆ ముచ్చట కోట్ల ఇళ్ళకు చేరింది. ఇది పెద్దదానికి చెప్పినప్పుడు, "మరి అమ్మమ్మ వాళ్ళకి అలాంటిది ఉండేదా?" అని అడిగింది.

ఉండేది. గుడివాడ దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ దొడ్లో దాలి ఉండేది. నేలలో గుంట, అందులో పిడకలు, మంట లేకుండా పొగతో రాజుకుంటూ ఉండే నిప్పు. దాని మీద పాలకుండ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉండేది. పాలు ఎర్రగా కాగి, మీగడ అరచేయంత మందాన కట్టేది. ఎడ్లకు పెట్టే ఉలవలు కూడా అలాగే గంటల తరబడి ఉడికేవి. ఉలవలు ఎడ్లకు వేసి, ఆ కట్టు వంచి చింతపండు పులుసు పోసి చిక్కగా కాచిందే ఉలవచారు. కృష్ణా జిల్లా పెళ్ళిళ్ళలో దాని మీద మీగడ వేసి వడ్డిస్తారు. పొలం వెళ్ళే ఆడవాళ్ళు కూడా వంట ముందు కూర్చుని ఉండలేరు కదా. నిప్పు తన పని తాను చేసుకుంటుంటే వాళ్ళు తమ పని చూసుకొచ్చేవారు. ఈ ఉదాహరణ దొరికాక అమ్మకు కూడా నచ్చజెప్పగలిగాను. "అలా అయితే సరే, దాల్లో పెట్టినట్టే" అంది.

మా ఇంట్లో కుదిరిన సూపు ఇది. ఆరు క్వార్టుల (ఆరు లీటర్లకు కాస్త తక్కువ) కుక్కర్‌కు ఒక కప్పు మైసూరు పప్పు, అర కప్పు పెసరపప్పు, అర కప్పు బార్లీ. బార్లీ తక్కువనిపిస్తుంది కానీ ఉడికేకొద్దీ చిక్కదనమంతా అదే ఇస్తుంది. రెండు కారెట్లు, ఒక బంగాళాదుంప, సొరకాయ ముక్కలు, ఒక ఉల్లిపాయ, అంగుళం అల్లం, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, పసుపు, మిరియాల పొడి, ఎనిమిది కప్పుల నీళ్ళు. కారెట్, దుంప అడుగున వేయాలి. అవి నెమ్మదిగా ఉడుకుతాయి, వేడి అడుగు నుంచి, పక్కల నుంచి వస్తుంది. కుండ సగానికి తగ్గకుండా, మూడింట రెండొంతులు మించకుండా ఉంటే సరిగ్గా ఉడుకుతుంది. తక్కువ వేడి ("లో") మీద ఎనిమిది గంటలు. ఆ తర్వాత మా కుక్కర్ దానంతటదే వంట చల్లారకుండా ఉంచే వార్మ్‌లోకి వెళ్తుంది కాబట్టి రైలు ఆలస్యమైనా టెన్షన్ లేదు.

టమాటా, చింతపండు పొద్దున్నే వేయొద్దు. పులుపు తగిలితే పప్పు మెత్తబడటానికి మొరాయిస్తుంది. ఇంటికి రాగానే రెండు టమాటాలు సన్నగా తరిగి, ఉప్పుతో పాటు వేసి ఎక్కువ వేడి ("హై") మీద పెడితే బట్టలు మార్చుకుని వచ్చేసరికి కలిసిపోతాయి. పాలకూర చివరి పది నిమిషాల్లో వేస్తే చాలు. ములక్కాడలు కావాలంటే విడిగా ఉడికించి కలపండి. ఎనిమిది గంటలు అందులోనే ఉంటే పీచు పీచుగా విడిపోయి పిల్లల గొంతుకు అడ్డం పడుతుంది. కూరగాయలు ముందురోజు రాత్రి తరిగి డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి, కుక్కర్ కుండలోనే పెట్టకండి. చల్లటి పింగాణీ కుండను వేడి మీద పెడితే పగిలే ప్రమాదం ఉంది. మధ్యలో ఎవరైనా ఇంట్లో ఉంటే మూత తీసి చూడొద్దని చెప్పాలి. తీసిన ప్రతిసారీ పోయిన వేడి మళ్ళీ పుంజుకోవడానికి పావుగంట పైనే పడుతుంది.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. రాజ్మా గింజలు పచ్చివి ఇందులో వేయకండి. వాటిలో ఉండే లెక్టిన్ అనే ఒక ప్రోటీన్ కడుపును బాగా పాడుచేస్తుంది, నాలుగైదు పచ్చి గింజలు చాలు వాంతులు పట్టుకోవడానికి. స్లో కుక్కర్ వేడికి అది విరగకపోవచ్చు, సగం వేడిలో ఉడికితే ఇంకా ఎక్కువ హాని చేస్తుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పే పద్ధతి ప్రకారం కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో 30 నిమిషాలు తెర్లేలా మరిగించాలి. ఆ తర్వాతే కుక్కర్‌లోకి. డబ్బాలో వచ్చేవి ముందే ఉడికినవి కాబట్టి భయం లేదు. చికెన్ వేసేవాళ్ళు ఫ్రీజర్‌లోంచి గడ్డను తీసి నేరుగా వేయకూడదు, పూర్తిగా కరిగాకే. మిగిలిన సూపు రెండు గంటల్లోపు వెడల్పాటి గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు నిలుస్తుంది.

పోపు మాత్రం వడ్డించే ముందే. పొద్దున పెట్టిన పోపు ఎనిమిది గంటల ఆవిరికి చచ్చిపోతుంది, ఇంగువ వాసన కూడా మిగలదు. ఇప్పుడు ఆ పని పెద్దదానిది. చిన్న మూకుట్లో నెయ్యి వేసి, ఆవాలు వేసి, చేయి వెనక్కి లాక్కుని నిలబడుతుంది. మొదటి ఆవగింజ చిటపటలాడగానే జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, కరివేపాకు. వెల్లుల్లి అంచులు ఎర్రబడటం చూసి, నేను చెప్పకుండానే స్టవ్ ఆపేస్తుంది. చుయ్‌మని సూపులో పడ్డప్పుడు చిన్నాడు ఎక్కడున్నా వచ్చేస్తాడు. వాడు అప్పడం నలిపి పైన చల్లుకుంటాడు. మా ఆయన కారప్పొడి వేసుకుంటారు. ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు ప్రెషర్ కుక్కర్) ఉండగా ఇదెందుకని స్నేహితులు అడుగుతుంటారు. త్వరగా ఉడకడం నిజమే, కానీ నేనైతే దాన్ని కూడా సాయంత్రం ఇంటికొచ్చాకే మొదలుపెడతాను. నాకు కావలసింది తలుపు తీసేసరికి వంట అయిపోయి ఉండటం.

అలా ఆరున్నరకల్లా నలుగురం కూర్చుంటున్నాం. చిన్నాడు బస్సులో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో చెబుతాడు. పెద్దది స్విమ్మింగ్ టీమ్‌లో తనకంటే వేగంగా ఈదే అమ్మాయి గురించి చెబుతుంది. ఇవన్నీ ఇంతకుముందు కూడా చెప్పేవాళ్ళే, నేను పోపుగిన్నెతో మాట్లాడుతున్నట్టు వెనక్కి తిరక్కుండా "ఊఁ" అనేదాన్ని. ఇప్పుడు ముఖం చూస్తూ వింటున్నాను. ఏదో చెప్పబోయి ఆపేయడం కూడా కనిపిస్తోంది. వారం మధ్యలో వంట చేసే తల్లులకైనా తండ్రులకైనా నేను నమ్మకంగా చెప్పగలిగే సలహా ఇదొక్కటే. మెనూ తగ్గించండి, కూర్చోండి.

ఇంత ధీమాగా చెప్పానా, ఇక్కడి నుంచే నాకు సందేహాలు. సూపు గిన్నెలో చెంచా తప్ప చేయి పెట్టే పని లేదు. అన్నంలో పప్పు, నెయ్యి వేళ్ళతో కలిపి, ముద్ద చేసి, నోటికి అందుకోవడం నేర్చుకోవాల్సిన విద్యే. చిన్నాడికి ఇంకా సరిగా రాలేదు. అరచేతి దాకా అంటించుకుంటాడు, కాసేపటికి విసిగి చెంచా అడుగుతాడు. నేను పొయ్యి దగ్గర నిలబడ్డ ఆ రోజుల్లో వాడికి రోజూ ఈ అభ్యాసం ఉండేది. ఇప్పుడు వారంలో మూడు నాలుగు రాత్రులు పోయాయి. పైగా కూర్చుని మాట్లాడుకునే మాటలు కూడా సగానికి పైగా ఇంగ్లీషులోనే. నేను తెలుగులో అడిగితే వాళ్ళు ఇంగ్లీషులో జవాబిస్తారు. తెలుగులో చెప్పమని ఆపితే చెప్పే విషయమే ఆగిపోతుంది. ఒక్కోరోజు ఆపుతాను, ఒక్కోరోజు వినాలనిపించి వదిలేస్తాను. దేన్ని వదులుకుని దేన్ని దక్కించుకుంటున్నానో లెక్క తేలడం లేదు.

మొన్న పెద్దది తనే సూపు మొదలుపెడతానంది. పెసరపప్పు బదులు మొక్కజొన్న, డబ్బా బ్లాక్ బీన్స్ వేసింది. పోపులో కరివేపాకు మాత్రం వదల్లేదు. పైన అవకాడో, నిమ్మరసం. నాకు రుచి నచ్చింది, మనసు ఒప్పుకోవడానికి కాస్త టైం పట్టింది. పదేళ్ళ తర్వాత తన ఇంట్లో అది వండేది ఇలాగే ఉంటుందేమో. అందులో మా అమ్మమ్మ దొడ్డి ఎంత ఉంటుందో నేనిప్పుడు నిర్ణయించలేను. ఉలవలు కూడా ఇందులో పెట్టి చూద్దామని అడిగింది. రాత్రంతా నానబెట్టి, పగలంతా ఉడికించి, కట్టు వంచి సెలవురోజు స్టవ్ మీద చిక్కగా కాయాలి. చారు మాత్రం అన్నంలోకే, చేత్తోనే అని ముందే చెప్పాను. సరేనంది.

ప్రస్తుతానికి పని రోజుల్లో సూపు, శని ఆదివారాలు అన్నం, పప్పు, కూర అని నలుగురం ఒప్పుకున్నాం. వచ్చే ఏడాది నుంచి స్విమ్మింగ్ పోటీలు వారాంతాల్లో ఉంటాయని కోచ్ చెప్పారు. ఆదివారాలు కూడా చేతిలో మిగలకపోతే ఏం చేయాలన్నది మేమింకా మాట్లాడుకోలేదు.