ఆ ఓటమి తర్వాత కూడా బెనెట్‌నే నమ్మాను

2018 మార్చి 16 తర్వాత దాదాపు ఏడాదిపాటు షార్లట్స్‌విల్‌లో నాబోటి అభిమానులను అందరూ ఒకటే అడిగారు: "ఇంకా కోచ్ టోనీ బెనెట్‌నే నమ్ముతున్నారా?" అడిగినవాళ్లను తప్పుపట్టలేను. కళాశాల బాస్కెట్‌బాల్‌లో దేశంలోనే మొదటి ర్యాంకులో ఉన్న మా వర్జీనియా విశ్వవిద్యాలయ జట్టు ఆ రాత్రి యూఎంబీసీ (మేరీలాండ్‌లోని ఒక విశ్వవిద్యాలయం) చేతిలో 74-54తో ఓడిపోయింది. పురుషుల ఎన్‌సీఏఏ (అమెరికా జాతీయ కళాశాల) టోర్నమెంటులో 1వ సీడ్ జట్టు, అంటే తన విభాగంలో అత్యంత బలమైనదిగా ఎంచిన జట్టు, అట్టడుగున ఉన్న 16వ సీడ్ చేతిలో ఓడటం అదే మొదటిసారి. అంతకుముందు అలాంటి 135 మ్యాచ్‌లలో ఒక్కసారి కూడా అలా జరగలేదు.

విరామానికి స్కోరు 21-21. రెండో సగంలోనే ప్రత్యర్థులు 53 పాయింట్లు చేశారు. ఆ సీజన్‌లో మా జట్టు మ్యాచ్ మొత్తంలో ప్రత్యర్థులకు ఇచ్చిన సగటు దాదాపు అంతే! విజయవాడకు ఫోన్ చేసి చెబితే నాన్న, "2007లో మనవాళ్లు బంగ్లాదేశ్ చేతిలో ఓడినట్టా?" అన్నారు. అలాంటిదే అన్నాను. "మరి కోచ్‌ను తీసేశారా?" అని వెంటనే అడిగారు. "లేదు నాన్నా, తీసెయ్యకూడదు కూడా" అన్నాను.

నా నమ్మకానికి మొదటి కారణం, మ్యాచ్ ముగిసిన వెంటనే బెనెట్ ప్రవర్తించిన తీరు. ముఖం చాటేయలేదు. చేతి మణికట్టు విరిగి మా ఆటగాడు డీఆండ్రే హంటర్ ఆడలేకపోయాడన్న మాట నిజమే అయినా, దాన్ని సాకుగా వాడుకోలేదు. యూఎంబీసీ తమకంటే బాగా ఆడిందని నేరుగా చెప్పారు. పిల్లల మీద నెపం వేయని పెద్దమనిషిని అంత కష్టంలో చూడటం నాకు కొండంత ధైర్యం.

రెండో కారణం ఆట. ఆ మ్యాచ్ రికార్డింగ్ చూడటానికి చాలాకాలం మనసొప్పలేదు. చివరికి చూసినప్పుడు బంతిని వదిలేసి మావాళ్ల కాళ్లను మాత్రమే గమనించాను. బెనెట్ తండ్రి డిక్ బెనెట్ రూపొందించిన 'ప్యాక్ లైన్' డిఫెన్స్‌లో, బంతి ఉన్నవాడిని ఒకడు ఒత్తిడి చేస్తాడు. మిగిలిన నలుగురు మూడు పాయింట్ల గీతకు కాస్త లోపల, కంటికి కనబడని ఒక గీత వెనుక కాచుకుని ఉంటారు. బంతి చేతులు మారగానే ఆ వైపు పరుగెత్తి షూటర్ ముందు చెయ్యెత్తి నిలవాలి. ఆ రాత్రి ఆ పరుగు అర అడుగు ఆలస్యమైంది. యూఎంబీసీ ఆటగాడు జైరస్ లైల్స్ సందు దొరికినప్పుడల్లా దూసుకెళ్లి 28 పాయింట్లు చేశాడు. లోపం పద్ధతిలో కాదు, అమలులో ఉందని నాకు స్పష్టంగా తెలిసింది. నిదానంగా ఆడే జట్టు టోర్నమెంటుకు పనికిరాదని ఒంటికాలి మీద లేచేవారితో అప్పటినుంచి గట్టిగానే వాదించాను.

అయినా 2019 మార్చిలో అదే టోర్నమెంటులో గార్డ్‌నర్-వెబ్ జట్టుతో తొలి మ్యాచ్‌లో మా జట్టు 14 పాయింట్లు వెనకబడినప్పుడు నా కాళ్లూ చేతులూ ఆడలేదు. మళ్లీ 16వ సీడే, మళ్లీ మొదటి రౌండే! బెనెట్ మాత్రం కేకలు వేయలేదు. విరామం తర్వాత ఆ కనబడని గీత వెనుక మావాళ్లు ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడ్డారు. 71-56తో గెలిచారు. నాకు సంబంధించినంతవరకు టోర్నమెంటు ఆ రోజే గెలిచాం.

తర్వాత ఉత్కంఠభరితమైన గెలుపులు వచ్చాయి. పర్డ్యూ మీద మా డియాకిటే ఆఖరి క్షణపు షాట్, ఆబర్న్ మీద 0.6 సెకన్లు మిగిలి ఉండగా మా కైల్ గై వరుసగా వేసిన మూడు ఫ్రీ త్రోలు (ఫౌల్‌కు దక్కే, ఎవరూ అడ్డుకోని షాట్లు). ఏప్రిల్ 8న మినియాపొలిస్‌లో టెక్సాస్ టెక్‌ను అదనపు సమయంలో 85-77తో ఓడించి వర్జీనియా తొలిసారి జాతీయ ఛాంపియన్ అయింది. ఏడాది క్రితం గాయంతో కూర్చున్న హంటర్ ఆ ఫైనల్లో 27 పాయింట్లు చేశాడు. నాన్న అక్కడ పొద్దున్నే లేచి స్కోరు చూసి, నాకంటే ముందే ఫోన్ చేశారు.

అదే సెప్టెంబరులో బెనెట్ తనకు జీతం పెంచవద్దని, ఆ డబ్బు సహాయ సిబ్బందికీ జట్టు అవసరాలకూ వాడమనీ విశ్వవిద్యాలయాన్ని కోరారు. పైగా ఆటగాళ్ల భవిష్యత్ ఉపాధి శిక్షణ కోసం భార్యతో కలిసి 5 లక్షల డాలర్లు ఇస్తామని ప్రకటించారు. ఆ వార్తను నాన్నకు తెలుగులో వివరంగా రాసి పంపాను.