మా ఇంట్లో నిద్రకున్న మర్యాద

మా ఆయన కాజీపేటలో లోకో పైలట్. గూడ్సు బండ్లు నడుపుతారు. సికింద్రాబాద్, విజయవాడ, బల్లార్షా వైపు వెళ్లే దారులు మూడూ ఇక్కడే కలుస్తాయి. కాబట్టి కాజీపేటలో బండ్లకు పగలూ రాత్రీ తేడా లేదు, మాకూ లేదు. డ్యూటీకి రెండు గంటల ముందు కాల్ వస్తుంది. అది అర్ధరాత్రి రావచ్చు, పండగపూట విస్తరి ముందు కూర్చున్నప్పుడైనా రావచ్చు. సద్దుల బతుకమ్మ నాడు తంగేడు, గునుగు తెచ్చి ఇచ్చి, నేను పేర్చడం పూర్తి కాకముందే బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిన ఏడాదులు ఉన్నాయి.

అందువల్ల మా ఇంట్లో నిద్రకు ఒక మర్యాద ఉంది. డ్యూటీ ఎనిమిది గంటలో ఆ పైనో సాగితే సొంత స్టేషన్‌లో 16 గంటల విశ్రాంతి ఇస్తారు. స్నానం, భోజనం, బ్యాంకు పని, చుట్టాల పలకరింపు, పిల్లల ముచ్చట్లు అన్నీ ఆ గంటల్లోనే జరగాలి, నిద్ర కూడా అందులోనే. ఆయన పడుకున్నారంటే నా కుట్టు మిషన్ ఆగుతుంది. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. దసరాకు ముందు, మాఘమాసం పెళ్లిళ్లకు చేతినిండా పని ఉంటుంది. అయినా ఆ సమయంలో మిషన్ తొక్కను. హుక్కులు, కాజాలు, చీర అంచులు, ఇలా చప్పుడు లేని పనులన్నీ అప్పటికోసం దాచి ఉంచుకుంటాను. కుక్కర్ పెట్టను. అత్తమ్మ టీవీ కట్టేస్తుంది. మా చిన్నది నాలుగేళ్లప్పుడే ఆడుకోవడానికి వచ్చిన పిల్లలకు నోటి మీద వేలు పెట్టి చూపించేది. ఆయన చేతిలో వేల టన్నుల బండి ఉంటుంది, కన్ను మూతపడకూడదు. ఈ సంగతి మా వాళ్లలో ఎవరికీ విడమరచి చెప్పాల్సిన అవసరం లేదు.

మరి అదే ఇంట్లో పదిహేనేళ్ల అబ్బాయి పొద్దున ఏడింటిదాకా పడుకుంటే అది బద్ధకం ఎలా అవుతుంది? ఈ ఏడాది మొదటినుంచీ నా మనసులో తిరుగుతున్న ప్రశ్న ఇదే.

మా వాడు పదో తరగతి. జూన్‌లో బడి తెరిచిన వారానికే చుట్టుపక్కల వాళ్లంతా తెల్లవారుజామున అయిదింటి ట్యూషన్ గురించి మాట్లాడారు. బడిలో సాయంత్రం ప్రత్యేక తరగతులు ఎలాగూ ఉంటాయి. అవి ముగించుకుని ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. తిని, రాసుకుని, పక్క మీదకు చేరేసరికి పదిన్నర. అయిదింటికి ట్యూషన్ అంటే నాలుగున్నరకు లేవాలి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. మా లెక్కలో ఆరు గంటలే మిగిలాయి.

త్వరగా పడుకోబెట్టవచ్చు కదా అంటారు. తొమ్మిదింటికి దీపం ఆర్పి చూస్తే వాడు చీకట్లో కళ్లు తెరుచుకుని పడుకునేవాడు. అది మొండితనం కాదు. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోను రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. చిన్నపిల్లలకు ఎనిమిదింటికే కళ్లు వాలితే వీళ్లకు పదిన్నర, పదకొండు దాటాలి. పొద్దున కూడా అంతే ఆలస్యంగా తెలివి వస్తుంది. ఎత్తు పెంచే హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే. పగలు చదివినది మెదడులో కుదురుకునేదీ నిద్రలోనే. ఒక్క ఏడాదిలో వాడి ప్యాంట్ల అంచులు ఎన్నిసార్లు విప్పి పొడవు చేశానో! లోపల అంత పని జరుగుతున్న ఒంటిని నాలుగున్నరకు కుదిపి లేపడం నాకు అన్యాయంగా తోచింది.

అత్తమ్మకు ఇది నచ్చలేదు. ఆమెది పరకాల దగ్గర పల్లె. కోడి కూయకముందే లేచి, వాకిలి ఊడ్చి, పొలానికి వెళ్లిన మనిషి. "తెల్లవారుజామున చదివిందే తలకెక్కుతుంది బిడ్డా, వాణ్ని పాడుచేస్తున్నావు" అంది. ఆమె మాటను నేను తేలిగ్గా తీసుకోను. కష్టంలో ఆరితేరిన మనిషి. అయితే ఆమె చిన్నతనంలో దీపాలు పెట్టిన కాసేపటికే ఊరంతా పడుకునేది. ఆ సంగతి ఆమే నాకు చాలాసార్లు చెప్పింది. "అత్తమ్మా, మీరు ఎనిమిదింటికి పడుకుని నాలుగింటికి లేచారు. ఎనిమిది గంటలు. వాడికీ ఎనిమిది గంటలే ఇద్దాం, కాకపోతే కొంచెం జరిపి ఇద్దాం" అన్నాను. ఆమె ఒప్పుకుందని చెప్పలేను. ఆ రోజు నుంచి వాణ్ని లేపడానికి మాత్రం వెళ్లలేదు.

ట్యూషన్ మాస్టారి దగ్గరకు నేనే వెళ్లాను. ఆయన మర్యాదగానే మాట్లాడారు. మిగతా పిల్లలందరూ వస్తున్నారనీ, వెనకబడతాడనీ చెప్పారు. అయినా నేను వాణ్ని చేర్చలేదు. లెక్కల్లో అర్థం కానివాటికి ఆదివారం మధ్యాహ్నం వాడి సీనియర్ ఒకడు వచ్చి కూర్చుంటున్నాడు. ఆ పూట నేను సర్వపిండి చేస్తాను, ఇద్దరూ గిన్నెకు అంటుకున్న మాడు కోసం కొట్టుకుంటారు.

ఫోను సంగతి మాత్రం అంత సులువుగా తెగలేదు. రాత్రి పదింటికి ఫోను హాల్లో అలమరలో పెట్టాలన్నాను. "డాడీ ఫోను దిండు పక్కనే ఉంటుంది కదా, నాదెందుకు ఉండకూడదు?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. నేను జవాబు వెతుక్కుంటుంటే మా ఆయనే పిలిచి కూర్చోబెట్టుకున్నారు. "డ్యూటీ ఎక్కేముందు గొట్టంలో ఊదిస్తారు. తాగితే మిషన్ పట్టేస్తుంది. నిద్ర చాలిందో లేదో పట్టే మిషన్ అక్కడ లేదురా. అది నా అంతట నేను చూసుకోవాలి. ఈ ఫోను నా నిద్ర చెడగొడుతుంది, కానీ తీసేసే వీల్లేదు. నీకు ఆ వీలుంది" అన్నారు. వాడేమీ అనలేదు. ఆ రాత్రి నుంచి అలమరలో పెడుతున్నాడు. కొన్నిసార్లు పదింటికి కాక పదీ ఇరవైకి. నేను గడియారం చూపించను.

ఇక్కడే నాకు ఇంకా తెగని ఒక చిక్కు ఉంది. మా వాడు పగలంతా మాట్లాడడు. బడి ఎలా జరిగిందంటే "బాగానే", ఏం తిన్నావంటే "ఏదో ఒకటి". అదే ఆయనకు అర్ధరాత్రి కాల్ వచ్చిన రోజున నేను వంటింట్లో జొన్నరొట్టెలు కొడుతుంటే, ఆ చప్పుడుకు లేచి వచ్చి గట్టు మీద కూర్చుంటాడు. రొట్టె, టమాటా పచ్చడి, ఉల్లిగడ్డ డబ్బాలో సర్దేలోపు వాడి నోటి నుంచి మాటలు ధారగా వస్తాయి. తరగతిలో ఎవరితో మాటలు ఆగిపోయాయో, గొంతు మారినందుకు ఎవరు వెక్కిరించారో, నానమ్మ మోకాళ్ల నొప్పి గురించి వాడికెంత బెంగగా ఉందో, అన్నీ ఆ వేళే తెలిశాయి. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోవాలని చుట్టాలందరూ అంటున్నారు కానీ తనకు పాలీసెట్ రాసి వరంగల్ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చేరాలని ఉందనీ అప్పుడే చెప్పాడు. డిప్లొమా ఉంటే రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్ష రాయవచ్చని ఎప్పుడు కనుక్కున్నాడో! "డాడీతో చెప్పకు" అన్నాడు. తండ్రి బూట్లు వేసుకుంటూ పక్క గదిలోనే ఉన్నారు. విన్నారో లేదో నేనూ అడగలేదు.

ఏ నిద్ర కోసం నేను ట్యూషన్ వద్దన్నానో, ఆ నిద్రలోంచే ఆ మాటలకు గంట పోతుంది. అయినా "వెళ్లి పడుకో" అనడానికి నాకు నోరు రాదు. నెలలో కొన్ని రాత్రులే అలా వస్తాయి. మరుసటి రోజు సెలవైతే లేచేదాకా లేపను. బడి ఉంటే సాయంత్రం అరగంట కునుకు తీయిస్తాను. ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించలేదు.

పదో తరగతి పరీక్షలు ఉదయం తొమ్మిదిన్నరకు మొదలవుతాయి. ఆ వేళకు వాడి మెదడు పూర్తిగా తెలివిలో ఉండాలి. ఒక్కసారిగా మార్చితే ఒళ్లు వినదు కాబట్టి సంక్రాంతి సకినాల హడావుడి అయ్యాక, వారానికి పావుగంట చొప్పున పడుకునే వేళను ముందుకు జరుపుదామని అనుకున్నాం. పొద్దున లేవగానే వాకిట్లో ఎండలో కాసేపు నిలబెడతాను, వెలుతురు పడితే లోపలి గడియారం త్వరగా సర్దుకుంటుందట. ఆదివారాలు కూడా మరీ పొద్దెక్కే దాకా పడుకోనని వాడే మాటిచ్చాడు. ఆ రోజుల్లో అర్ధరాత్రి కాల్ వస్తే రొట్టెలు సాయంత్రమే కొట్టి ఉంచుకోవాలా, లేక ఎప్పటిలాగే కొట్టాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. మా ఆయనను అడిగితే "ఎప్పటిలాగే కొట్టు" అన్నారు.